వేరే డబ్బాలో పోసిన బియ్యం

మంగళవారం పొద్దున మంచు ఇంకా విడవలేదు. మా కౌలు చేలో మిరపకు రెండో కోత పెట్టుకున్నాం. కాయ తడిగా ఉందని కూలీలు గట్టున కూర్చున్నారు. అప్పుడే మా పక్కింటి పెద్దమ్మ పోయిందని ఫోను వచ్చింది. గోతాలు మడిచి ఇంటికి వచ్చేశాం.

ఆమెకూ నాకూ చుట్టరికం లేదు. ఇరవై ఏళ్లు పక్కపక్కన ఉన్నాం, ఒకే చర్చికి వెళ్లాం. అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుడి పేరున తీసి పెట్టడం మా సంఘంలో ఆడవాళ్ల అలవాటు. ఆదివారం తెచ్చి గోతంలో పోస్తాం. అవి పాస్టరు అయ్యగారింటికీ, జరుగుబాటు లేని ఇళ్లకూ పోతాయి. గోతం దగ్గర నిలబడే పని నాది.

భర్త పోయాక పెద్దమ్మ ఒక్కతే ఉండేది. కూతురు దాచేపల్లిలో. కూలి లేని రోజు ఒక పూటే వండుకునేది. ఆ పూట కూడా పిడికెడు తీశాకే బియ్యం కడిగేది.

"మిగిల్తే పెడదామనుకోబాకే అమ్మాయ్. మిగిలింది కుక్కకి గూడా పెడతాం" అనేది.

ఆమెవి రేషన్ బియ్యం. అయ్యగారింటికి పోయే సన్నబియ్యంలో అవి కలవడమెందుకని ఒక ఆదివారం వేరే డబ్బాలో పోశాను. ఆమె చూసింది.

"ఏందే, నా బియ్యం వేరు కాపురం పెట్టినయ్యా?"

అందరూ నవ్వారు.

"అది కాదు పెద్దమ్మా, లావు బియ్యం గదా..."

"లావైతే ఉడకవా ఏంది?"

తర్వాతి వారమూ తెచ్చింది. నేనూ డబ్బాలోనే పోశాను. అలా చాలా వారాలు.

పురుగు పట్టి మిరప దెబ్బతిన్న ఏడాది మా ఆయన మంచాన పడ్డాడు. ఇంట్లో గింజ లేదు. అయ్యగారి భార్య బియ్యం పంపారు. మూత తీయకముందే డబ్బాను గుర్తుపట్టాను. నాలుగు రోజులు ఆ పిడికెళ్లే మా పిల్లల కడుపు నింపాయి.

ఆ ఆదివారం పెద్దమ్మ బియ్యం గోతంలో కలిపాను. ఆమె చూసింది. చెంగు దులుపుకుని చాప మీదికి వెళ్లింది. డబ్బా మా ఇంటికే వచ్చిందని ఆమెకు చెప్పాల్సింది. నామోషీతో రెండేళ్లు దాటేశాను.

పెద్దమ్మను సమాధిలో దించి మట్టి పోశాక, ఎవరైనా ఆమె గురించి సాక్ష్యం చెప్పాలంటే చెప్పమన్నారు అయ్యగారు. రెండడుగులు ముందుకు వేశాను. సమాధి మీద పూలదండ సర్దినట్టు చేసి వెనక్కి వచ్చాను.

కూతురికైనా చెబుదామని సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. తలుపుకు తాళం ఉంది. కూతురు ఐదింటి బస్సుకే దాచేపల్లి వెళ్లిపోయింది.