చిక్కడపల్లిలో ఒక కుర్చీ

జపాన్ నవలల్లో ఎక్కడా ఇమడలేని కుర్రాళ్ల గురించి ప్రసంగించడానికి విశాఖ నుంచి చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లాను. ఇంకా గంట టైముంది. ఆవరణలో చదువుకునేవాళ్ల మధ్య ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా కనిపించింది. దాని మీదున్న పోటీపరీక్షల పుస్తకాన్ని తీసి నేల మీద పెట్టి కూర్చున్నాను.

కాసేపటికి ముప్పై ఏళ్ల మనిషి టిఫిన్ చేసి వచ్చాడు. నన్ను చూడగానే అతని ముఖం మాడిపోయింది.

"పుస్తకం ఎందుకు తీసిన్రు సార్? ఈడ పుస్తకం ఉన్నదంటే మనిషి ఉన్నట్టే. ఎవ్వరు ముట్టరు."

"కుర్చీయే కదా" అన్నాను.

"ఊరికి పోతే నౌకరి వచ్చిందా అంటరు, తిన్నవా అని అడుగరు. అశోక్‌నగర్ హాస్టల్ రూంల ఆరుగురం ఉంటం. ఏడేండ్ల సంది నాదంటూ ఉన్నది ఈ కుర్చీ ఒక్కటే."

లేచాను. నా చేతిలోని నవల చూసి, అందులో ఏముందని అడిగాడు. గది తలుపు వేసుకుని బయటికి రాని కుర్రాడి కథ అని చెప్పాను.

"ఏస్కోనీకి వానికి తలుపన్న ఉన్నది" అన్నాడు, పుస్తకానికంటిన దుమ్ము దులుపుతూ.

పైన హాల్లో నా ప్రసంగం విని పెద్దలు "పాపం, జపాన్ పిల్లలు" అని నిట్టూర్చారు. కిటికీ కిందే అంతమంది చదువుతుంటే ఒక్కరూ అటు చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏ మొహం పెట్టుకుని వాళ్లను అనగలను? ఇందాక అతన్ని తీసి నేల మీద పెట్టింది నేనే.