ఇరుసు పొంతన

మా నాన్న నల్లపాడులో పెళ్లిళ్లకు పొంతనలు చూసేవాడు. ఆయన కడుపున పుట్టి నేను టైర్ల కొట్టు పెట్టాను. ఆయన కలిపిన జంటల్లో కొన్ని కోర్టు మెట్లెక్కాయి, నేను బిగించిన టైర్లలో కొన్ని నడిరోడ్డు మీద పేలాయి. కాబట్టి ఎవరి విద్య గొప్పదన్న వాదన మా ఇంట్లో ఎప్పుడూ తేలలేదు. పొంతన చూడటమంటే ఏమిటో నిజంగా తెలిసిన మనిషిని మాత్రం నా కొట్టుకి ఎదురుగా రోజూ చూస్తున్నాను. ఆయన పేరు అంకమ్మరావు. ట్రాక్టర్ వెనక తగిలించే ట్రక్కులు తయారుచేస్తాడు.

అంకమ్మరావు తొంభై ఎనిమిది కిలోల మనిషి. ఈ సంగతి ఆయన చెప్పుకోలేదు, మా వీధి చివర పత్తి కాటా మీదికి నేనే ఒకసారి పందెం కాసి ఎక్కించాను. పదో తరగతి రెండుసార్లు రాసి రెండుసార్లూ లెక్కల్లోనే తప్పాడు. ఏ బండి ఎంత బరువు లాగుతుందో ఇంజనీరింగు చదివిన వాళ్లు ఫోన్లో వెతుక్కుంటూ ఉంటే, ఆయన బండి చుట్టూ ఒక్కసారి తిరిగి చెప్పేస్తాడు. చెప్పాక ఎవరైనా ఎందుకని అడిగితే మాత్రం తిడతాడు.

ఆయన షెడ్డుకి వచ్చి "ట్రక్కు ఎంతవుద్దండీ" అని అడిగేవాళ్లకి సమాధానం ఎప్పుడూ ఒకటే.

"నీ బండేదీ?"

"ఇంటికాడ ఉందండీ."

"అయితే నువ్వూ ఇంటికే పో. పెళ్లికూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టి వచ్చి జాకెట్టు కుట్టమంటే ఎట్టా కుట్టేదయ్యా?"

సగం మంది అలిగి వెళ్లిపోతారు. మిగతా సగం బండి తోలుకొస్తారు. అప్పుడు ఆయన సుద్దముక్క చెవి సందున పెట్టుకుని, టేపు తీసుకుని నేల మీద బోర్లా పడుకుంటాడు. బండి వెనక చక్రాల మధ్య ఎంత ఎడముందో కొలుస్తాడు, హుక్కు నేలకి ఎంత ఎత్తున ఉందో కొలుస్తాడు. బండి చక్రాలు తొక్కిన దారినే ట్రక్కు చక్రాలూ తొక్కాలంటాడు. మా నల్లరేగడి నేలల్లో వాన పడ్డాక ట్రక్కు తనకంటూ వేరే గాడి తీసుకుందంటే, ఆ రోజుకి పంట ఇల్లు చేరనట్టే. ఇక ఇరుసు ఎక్కడ పడాలన్నది ఆయన ప్రాణం. తొట్టి నడుముకి కాస్త వెనకగా పడాలి. మరీ వెనక్కి జరిగితే సరుకు బరువంతా పోయి బండి తోక మీద కూర్చుంటుంది, మరీ ముందుకొస్తే ట్రక్కు మెడ బండి తోకను పైకెత్తుతుంది.

ఇలాంటి మనిషికి భగవంతుడు కోటేష్ లాంటి బావమరిదిని ఇచ్చాడు. పనిలేనప్పుడు ఆ భగవంతుడు చేసే పనులు ఇలాగే ఉంటాయి.

కోటేష్‌ది ప్రత్తిపాడు అవతల పల్లెటూరు. నాలుగెకరాల మిర్చి, రెండెకరాల పత్తి. కిందటి దసరాకి మినీ ట్రాక్టర్ కొన్నాడు. నిజం చెప్పాలంటే అతను జన్మలో చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది. మిరప సాళ్ల మధ్య, పత్తి సాళ్ల మధ్య మొక్కకి తగలకుండా దూరిపోతుంది. ఊరికి మాత్రం అది నచ్చలేదు. ఎదురింటి వాళ్లకి ఏనుగంత ట్రాక్టరుంది. టీ కొట్టు దగ్గర ఎవడో "కోటేశా, డీజిలు పోస్తావా, కీ ఇచ్చి వదుల్తావా?" అన్నాడు. అంతే, కోటేష్‌కి నిద్ర పట్టలేదు. బండి చిన్నదైతేనేం, వెనక ట్రక్కు పెద్దదైతే ఊరి నోరు మూతపడుతుందనుకున్నాడు. ఇల్లు ఎంత చిన్నదైనా గేటు మాత్రం పెద్దది పెట్టించడం మా జిల్లాలో పుట్టుకతో వచ్చే జబ్బు.

అతను బండి తోలుకుని షెడ్డుకొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను.

"బావా, పన్నెండడుగుల తొట్టి, పెద్ద చక్రాలు. మా ఎదురింటోళ్లది ఉంది చూడు, అచ్చం అట్టాగే."

అంకమ్మరావు టేపు పెట్టి కొలిచాడు, లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"దీనికి ఎనిమిదడుగులది చాల్రా. పొట్టి ఇరుసు, చిన్న చక్రాలు. ముచ్చటగా ఉంటది."

"ముచ్చట నాకెందుకు బావా? పెద్దది కావాలి."

"పెద్దది కడితే ఈ బండి ట్రక్కును లాగదురా, ట్రక్కే బండిని లాగుద్ది. కట్ట ఎక్కేప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తయ్."

"నీకు చెయ్యటం ఇష్టం లేదని చెప్పు."

"లేదు. చెప్పా."

కోటేష్ బండెక్కి వెళ్లిపోయాడు. కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ అతని అక్క వెంకటేశ్వరమ్మే అంకమ్మరావు భార్య. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆ సాయంత్రం ఆవిడ షెడ్డుకే వచ్చింది.

"ఊళ్లో వాళ్లందరికీ చేస్తారు. మా తమ్ముడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటేనండీ."

"నీ తమ్ముడు కాబట్టే చెయ్యనంటున్నా. అది కడితే చస్తాడే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కొత్త బండి కొనుక్కున్న తమ్ముణ్ణి పట్టుకుని, అదీ దీపాలు పెట్టే వేళ, చస్తాడనటం! వెంకటేశ్వరమ్మ చెంగుతో నోరు మూసుకుని వెనక్కి తిరిగింది. ఆ రోజు నుంచి ఆయనతో మాటల్లేవు. కంచంలో అన్నం, పప్పు, మజ్జిగ పడుతున్నాయి కానీ పచ్చడి పడటం లేదు. గుంటూరులో మొగుడికి ఇంతకంటే పెద్ద శిక్ష వేసే సెక్షను లేదు. ఆయన మధ్యాహ్నాలు నా కొట్టుకొచ్చి, నా క్యారియర్‌లో గోంగూర పచ్చడి తిని వెళ్లిపోయేవాడు.

కోటేష్ బైపాస్ పక్కన కొత్తగా వెలిసిన ఒక షెడ్డుకి వెళ్లాడు. వాళ్లు బండి ఏదని అడగలేదట, రంగు ఏదని మాత్రం అడిగారట. పన్నెండు రోజుల్లో ట్రక్కు తయారైంది. టైర్లు మాత్రం నా దగ్గరే కొన్నాడు. నేను అమ్మాను. ఆ ఇరుసుకీ ఆ బండికీ పడదని తెలిసే అమ్మాను. నేను కాకపోతే ఇంకొకడు అమ్ముతాడని సర్దిచెప్పుకున్నాను. టైర్లు బిగిస్తుంటే అంకమ్మరావు రోడ్డు అవతల నిలబడి చూశాడు. "గాలి సమంగా పట్టు పంతులూ" అని, మా నాన్నని బట్టి నాకు పెట్టిన పేరుతో పిలిచి, అంత మాత్రమే అన్నాడు. నాకు సిగ్గేసింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. కోటేష్ వాళ్ల వంశంలో ఒక ఆచారముంది. కొత్త బండి ఏది కొన్నా, మొదటి సరుకు మీద ఇంటి ఆడపడుచుని కూర్చోబెట్టి ఊరు దాటిస్తారు. ఎడ్లబండ్ల కాలంలో ఎవరో పెద్దమనిషి పెట్టాడు. ట్రాక్టర్లు ముందు చక్రాలు లేపుతాయని పాపం ఆయనకేం తెలుసు! ఆ ఇంటికి ఉన్న ఆడపడుచు వెంకటేశ్వరమ్మ ఒక్కతే.

బయల్దేరే రోజు పొద్దున ఆవిడ పట్టుచీర కట్టుకుని గడపలో నిలబడితే, అంకమ్మరావు అడ్డమొచ్చి బతిమాలాడు.

"దాని మీద ఎక్కమాకే. కింద నడిచిరా. దణ్ణం పెడతా."

ఆవిడ పక్కకి తప్పుకుని వెళ్లి ఆటో ఎక్కింది. ఆయన నా మోటార్ సైకిల్ వెనక కూర్చున్నాడు. ప్రత్తిపాడు దాటాక "నాకు భయంగా ఉంది పంతులూ" అన్నాడు. పాతికేళ్ల పరిచయంలో ఆయన నోటి నుంచి ఆ మాట వినటం అదే మొదటిసారి.

మేం వెళ్లేసరికి కల్లంలో ఎండుమిర్చి బస్తాలు, మా భాషలో టిక్కీలు, ఎక్కిస్తున్నారు. ఎక్కించేవాళ్లు తుమ్ముతున్నారు, చూసేవాళ్లు తుమ్ముతున్నారు, హారతి పళ్లెం పట్టుకున్న కోటేష్ భార్య కూడా తుమ్ముతోంది. బస్తాలు యాభై దాటాయి. పెద్ద ట్రాక్టరు ఎత్తుకి చేసిన ట్రక్కు మెడను ఆ చిన్నబండి హుక్కుకి తగిలిస్తే, తొట్టి మూతి కిందికి వాలి సరుకంతా ముందుకి మొగ్గింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వెంకటేశ్వరమ్మ నిచ్చెన మీదుగా ఎక్కి టిక్కీల పైన కూర్చుంది. ఊరంతా చప్పట్లు కొట్టింది.

కల్లం నుంచి రోడ్డెక్కాలంటే కాలవ కట్ట ఎక్కాలి. అంకమ్మరావు ఆ కట్టవైపు చూశాడు, బస్తాలవైపు చూశాడు, పైనున్న భార్యవైపు చూశాడు. తర్వాత ఒక గోనెసంచి తీసుకుని నడిచి వెళ్లి, బండి బానెట్ మీద పరిచి, ముందు బంపరు మీద కాళ్లుంచి, మొహం వెనక్కి పెట్టి బానెట్‌ని రెండు చేతులా కావలించుకుని బోర్లా పడుకున్నాడు. తొంభై ఎనిమిది కిలోలూ తెచ్చి బండి మూతి మీద పెట్టాడన్నమాట.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పగలబడి నవ్వారు. "హారతి మీక్కూడా పట్టమంటారాండీ?" అని ఒకడు. "కదలమాకండి, ఫొటో తీస్తన్నా" అని ఇంకొకడు. నేనూ నవ్వాను, దాచుకోవడమెందుకు. కోటేష్ మొహం అతని మిరపకాయల్లాగే ఎర్రబడింది.

"బావా, నలుగుర్లో నా పరువు తియ్యమాకు. దిగు."

"నీ పరువు ఆ ట్రక్కులో ఉందిరా. నా పెళ్లాం కూడా అక్కడే ఉంది. పోనీ."

బండి కదిలింది. కట్ట మొదట్లో బాగానే ఎక్కింది. సగం ఎక్కాక ఇంజను గొంతు మారింది, వెనక చక్రాలు మట్టిని గీరాయి, ముందు చక్రాలు మెల్లగా నేల వదిలి లేచాయి. జానెడు. తర్వాత మూరెడు. వాటితోపాటు అంకమ్మరావు కూడా లేచాడు. నవ్వులు ఆగిపోయాయి.

"దూకండి! దూకేయండి!" అని అరిచారు జనం.

దూకితే ఆయన బతుకుతాడు. కానీ మూతి మీద ఆ బరువు పోయిన మరుక్షణం బండి వెనక్కి తిరగబడి కోటేష్ మీద పడుతుంది, ట్రక్కు వంకరగా వెనక్కి జారి వెంకటేశ్వరమ్మతో సహా కాలవలో పడుతుంది. ఈ లెక్క అక్కడ ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ దూకలేదు. బానెట్‌ని ఇంకా గట్టిగా కరుచుకున్నాడు.

"ఒరేయ్ కోటేశా, మెల్లగా క్లచ్చి తొక్కరా! బ్రేకు మీద ఒక్కసారే పడమాకు! పంతులూ, ట్రక్కు చక్రాల కింద రాళ్లెయ్!"

నేను పరిగెత్తాను. నా జన్మలో అంత జోరుగా ఎప్పుడూ పరిగెత్తలేదు. కట్ట పక్కనున్న రాయి ఒకటి తీసి ఒక చక్రం వెనక తోశాను, కూలీలు ఇంకో దాని వెనక రెండు తోశారు. ట్రక్కు అడుగున్నర వెనక్కి జారి, రాళ్ల మీద ఆని ఆగింది. ముందు చక్రాలు ధబ్బున నేలకి తగిలి, మళ్లీ లేచి, మళ్లీ తగిలి ఊగుతూ ఉండిపోయాయి. మరో ఇద్దరు కూలీలు ఎక్కి అంకమ్మరావు పక్కన వేలాడారు. అప్పుడు నిలిచింది.

వెంకటేశ్వరమ్మ బస్తాల మీద నుంచి పట్టుచీరతోనే జారింది. కింద నలుగురు పట్టుకున్నారు. కోటేష్ ఇంజను ఆపి దిగి మట్టిలో కూలబడ్డాడు.

"బావా," అన్నాడు, "ఈ ట్రక్కు నాకొద్దు. రేపు బండి తోలుకొస్తా. నీ ఇష్టమొచ్చినట్టు కొలుచుకో."

అంకమ్మరావు కళ్లు గట్టిగా మూసుకుని బానెట్‌ని పట్టుకునే ఉన్నాడు. గోనెసంచి పక్కకి జారి, మోచేతులు ఇంజను వేడికి కమిలిపోయాయి. కూలీలు దిగారు. "అయిపోయింది, దిగండి" అన్నాను నేను. వినలేదు. కోటేష్ వచ్చి భుజం పట్టుకుని లాగాడు. కదల్లేదు.

వెంకటేశ్వరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టింది.

"నేను దిగానండీ," అంది. "ఇదిగో, కిందే ఉన్నా. ఇక మీరు దిగండి."

ఆయన కళ్లు తెరిచి ముందు ట్రక్కు పైకి చూశాడు. అక్కడ మిర్చి టిక్కీలు తప్ప ఎవరూ లేరు. అప్పుడు చేతులు వదిలాడు.