మైసన్న మెస్సులో సారు కుడి దవడ

ఎల్లారెడ్డిలో మెస్సు నడిపే మైసన్నకు కోపం తప్ప ఇంకో భాష రాదు.

"తిన్నవా?" అని అడిగినా దొంగను పట్టుకున్నట్టే అడుగుతాడు. అన్నం మెత్తగైతే దాని మీద కోపం, పలుకుంటే పొయ్యి మీద కోపం. ఒకసారి పోచన్న అనే లారీ డ్రైవర్ చారు జుర్రుకుని, "అమృతం లెక్కున్నది మైసన్నా" అన్నాడు. అంతే, మైసన్న గరిటె ఎత్తి మీదికొచ్చాడు. "మరి నిన్న గీ మాట చెప్పకపోతివి? ఏం, నిన్న ఇసం పోసిన్నా?" అప్పటినుంచి పోచన్న చారు తాగి, నోరు మెదపకుండా చేయి కడుక్కుని పోతున్నాడు.

అయినా మెస్సులో కూర్చోవడానికి జాగా దొరకదు. ఒక్కో తిట్టుకు ఒక్కో గరిటె కూర ఎక్కువ పడుతుందని తిన్నవాళ్లందరికీ తెలుసు.

యేసుబాబుది నస్రుల్లాబాద్. ఎల్లారెడ్డి బడిలో లెక్కలు చెబుతాడు. ఒంటరిగా గది తీసుకుని ఉంటాడు కాబట్టి రెండు పూటలా మైసన్న మెస్సే గతి. ఆయనకూ కోపం తక్కువేమీ కాదు. కాకపోతే అది మూత పెట్టిన కుండలో పాల లాంటిది, లోపలే ఉడుకుతుంది. అలాంటి మనిషికి కుడి దవడ పన్ను ఒకటి పుచ్చి, నాలుగు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. కామారెడ్డి పోయి డాక్టర్ నిషాత్ దగ్గర రూట్ కెనాల్ చేయించుకున్నాడు.

"నొప్పి పోయిందని మురిసిపోకండి సార్" అంది డాక్టరమ్మ. "లోపల నరం తీసేసిన. ఇప్పుడా పన్ను ఎండిన కట్టె లెక్క. వచ్చే వారం వచ్చి క్యాప్ వేయించుకోండి. అప్పటిదాకా ఆ దిక్కు నమలొద్దు. గట్టిది కొరికితే నిలువునా పగులుతది. పగులు వేరు దాకా పోయిందంటే ఇగ పీకుడే."

యేసుబాబు బుద్ధిగా తలూపాడు. నొప్పి పోయిన మనిషి దేనికైనా తలూపుతాడు.

ఆ ఆదివారం మెస్సులో మటన్. మైసన్న భార్య సాలవ్వ వడ్డించడానికి వస్తే, "బొక్క లేని మెత్తటి ముక్క వెయ్యవ్వా, పన్నుకు రూట్ కెనాల్ అయింది" అన్నాడు యేసుబాబు మెల్లగా. వంటింట్లో గరిటె కింద పడ్డ చప్పుడైంది. మైసన్న బయటికొచ్చాడు.

"క్యాప్ ఏసిన్రా?"

"ఇంకా లేదన్నా. వచ్చే వారం."

"క్యాప్ లేని పన్నేసుకుని మటన్ కాడికొచ్చినవా? నీకు దిమాక్ ఉన్నదా సారూ? నువ్వు పిల్లలకు చదువు చెప్తున్నవా?"

ముందున్న పళ్లెం మాయమైంది. దాని బదులు పసిపిల్లలకు పెట్టినట్టు మెత్తగా పిసికిన పప్పన్నం వచ్చింది. మైసన్న నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. యేసుబాబు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, పైకప్పు రేకులు అదిరేలా ఒక కేక.

"ఎడమ!"

ఆ రోజు నుంచి ముద్దకో కేక. మైసన్న పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి ఉన్నా సరే, యేసుబాబు నాలుక కాస్త కుడికి జరిగితే ఆయనకు తెలిసిపోయేది. "ఎడమ! ఎడమ అంటున్న! చెవుల పండ్లు మొలిచినయా?" కొన్నాళ్లకు తినేవాళ్లందరూ అందుకున్నారు. పోచన్న తన ముద్ద ఆపి మరీ, "ఎడమ సారూ" అని గుర్తు చేసేవాడు. ఆ కేక బడి దాకా పాకింది. యేసుబాబు బోర్డు మీద సమీకరణం రాసి, "ఎడమ వైపున ఉన్నదాన్ని..." అన్నాడో లేదో, క్లాసు క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ మాట లేకుండా లెక్కలు ఎలా చెప్పాలో యేసుబాబుకు తోచలేదు.

ఇంతలో వచ్చే వారం రానే వచ్చింది, పోయింది. నొప్పి లేదు కదా, సెలవుల్లో చూద్దాంలే అనుకున్నాడు యేసుబాబు.

"కామారెడ్డి ఎప్పుడు పోతవ్?" అనేవాడు మైసన్న అన్నం పెడుతూ.

"పోతనన్నా."

"పోతవ్. పన్ను పోయినంక పోతవ్!"

యేసుబాబుకు విసుగొచ్చి, ఒక పూట మెస్సు ఎగ్గొట్టి బస్టాండు దగ్గర సలీమ్ హోటల్‌కు పోయాడు. పరోటా, బోటి కూర చెప్పాడు. సలీమ్ తెచ్చి పెట్టింది మాత్రం గరిటె జారుగా ఉడికించిన కిచిడీ.

"నేను చెప్పింది ఇది కాదు కదా భాయ్!"

"మైసన్న ఫోన్ చేసిండు సార్" అన్నాడు సలీమ్ దీనంగా. "మీకు గట్టిది పెడితే నా హోటల్ ముంగట పండుకుంటడట. ఆయన పండుకుంటే లేపుడు మాతోని అయితదా?"

కుండ మీద మూత ఎగిరిపోయింది. నా పన్ను, నా నోరు, నా ఇష్టం. మధ్యలో ఈ మైసన్నెవడు? యేసుబాబు కిచిడీ వదిలేసి లేచి, పక్క దుకాణంలో సకినాల ప్యాకెట్ కొన్నాడు. మైసన్న కళ్లముందే కరకరా నమలాలని మెస్సుకు నడిచాడు. కానీ కోపం లోపలికి పోయేదాకా ఆగలేదు. గుమ్మం దగ్గరే ఒక సకినం తీసి, కావాలనే కుడి దవడ కింద పెట్టి, పగబట్టినట్టు కొరికాడు.

టక్.

సకినం చప్పుడు అలా ఉండదు. నాలుకకు ఏదో మొనదేలిన ముక్క తగిలింది. అరచేతిలోకి ఉమ్మి చూస్తే తెల్లటి పెంకు. పుక్కిలించడానికి నీళ్ల కోసం పెరటి దారిన వంటింట్లోకి పోయాడు.

అక్కడ మైసన్న నేల మీద చాట ముందు కూర్చుని ఉన్నాడు. దారంతో కట్టుకున్న కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. బియ్యం గింజ గింజా పక్కకు తోస్తున్నాడు. ఒక చిన్న రాయి దొరికింది. దాన్ని పైకెత్తి పట్టుకుని పళ్లు కొరికాడు.

"కనవడననుకున్నవా? సారు పన్ను కిందికి పోదామని దాసుకున్నవా? నీ మొకం మన్నువడ!"

సాలవ్వ యేసుబాబును చూసి గొంతు తగ్గించింది. "నీ పన్నుకు నరం తీసిన కాంచి గిదే పని సారూ. మిల్లోల్లు ఏరిచ్చిన బియ్యమే, అయినా నమ్మడు. ఆయనకు గూడ గిట్లనే నరం తీసిన్రు. నొప్పి పోయిందని క్యాప్ ఏయించుకోలె. అన్నంల రాయొచ్చి పన్ను రెండు వక్కలైంది. దాన్ని పీకిచ్చుకోనీకె గూడ పోడు. అప్పుడు గుచ్చిన సూదులకే బెదిరిండు, ఇగ సూదంటే పాణం పోతది ఆయనకు. ఆయన చేసిన మటన్ ఆయనే తినక ఎన్నేండ్లాయెనో."

యేసుబాబు ఒక చేతిలో సకినాల ప్యాకెట్‌తోనే రెండో అరచేయి చాపాడు. మైసన్న పెంకు ముక్కను చూశాడు. కేక వేస్తాడని యేసుబాబు కళ్లు మూసుకున్నాడు. కేక రాలేదు. అదే ఎక్కువ భయమనిపించింది. మైసన్న లేచి పొయ్యి ఆర్పి, చొక్కా తొడుక్కుని, "నడువ్" అన్నాడు.

కామారెడ్డి బస్సెక్కాక గానీ ఆయన గొంతు తిరిగి రాలేదు. వచ్చాక మాత్రం డ్రైవర్‌కు చుక్కలు కనపడ్డాయి. "గుంతలల్ల దుంకిచ్చకు! లోపట పగిలిన పన్నున్నది! బండి నడుపుతున్నవా, బర్రెను తోలుతున్నవా?" తర్వాత యేసుబాబు వైపు తిరిగాడు. "సకినం తింటవా? నేను మెత్తగ పిసికి పెడితే సకినం తింటవా?" అన్నాడు. ఆ గొంతు కోపంగానే ఉంది, కానీ ఈసారి కేక కాదు. యేసుబాబు కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

డాక్టర్ నిషాత్ అద్దం పెట్టి చాలాసేపు చూసింది. మైసన్న గోడకు అతుక్కుని నిలబడ్డాడు.

"బతికిపోయిన్రు సార్. ఒక మూల ఇరిగింది అంతే, పగులు వేరు దాకా పోలేదు. ఇయ్యాలే కొలత తీసుకుంట. క్యాప్ వచ్చేదాక పైన తాత్కాలికంగ ఒకటి పెడత. కానీ క్యాప్ వేసినంక కూడా రాళ్లు, బొక్కలు, సకినాలు దాని మీద పెట్టొద్దు. దాని చుట్టూ రోజూ మంచిగ తోమాలె."

"గట్టిగ చెప్పు మేడం! ఈయనకు మెల్లగ చెప్తే ఎక్కదు!" అని గర్జించాడు మైసన్న. అంత పెద్దగా నోరు తెరిచేసరికి డాక్టరమ్మ చూపు ఆయన పళ్ల మీద పడింది.

"పెద్దాయనా, ఆ వెనక పన్నేంది, రెండు ముక్కలుగ ఉన్నది?"

మైసన్న టక్కున నోరు మూసుకుని తలుపు వైపు జరిగాడు. యేసుబాబు కుర్చీ దిగి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఇన్ని రోజులు లోపల ఉడికిందంతా ఒక్కసారి పొంగింది.

"కూసో! ఊరందరి పండ్లు నీకు కావాలె, నీ పన్ను నీకు వద్దా? సిగ్గున్నదా అన్నా నీకు? చీము పడితే సాలవ్వ ఏం గావాలె? కూసో అంటున్న!"

బయట వరుసలో కూర్చున్నవాళ్లు కూడా భయంతో సర్దుకుని కూర్చున్నారు. తనను తిట్టే మనిషిని జన్మలో మొదటిసారి చూసినట్టు మైసన్న నోరు వెళ్లబెట్టాడు. ఆ తెరిచిన నోటితోనే కుర్చీలో కూలబడ్డాడు. సూది కనబడగానే యేసుబాబు చేయి దొరకబుచ్చుకుని, ఎముకలు విరిగేంత గట్టిగా పట్టుకున్నాడు.

పన్ను పీకడం అయిపోయింది. బుగ్గ నిండా దూదితో మైసన్న ఎర్రటి కళ్లతో డాక్టరమ్మను చూసి, సారును చూసి, వేలెత్తి "ఊఁ! ఊఊఁ! ఊఁ!" అన్నాడు.

"ఏమంటున్నడు సార్? నొప్పి అయితున్నదా?" అని కంగారుపడింది డాక్టరమ్మ.

నలిగిన వేళ్లు విదిలించుకుంటూ యేసుబాబు నవ్వాడు. అలవాటు పడిన మూతి కదా, ఆ నవ్వు ఎడమ పక్కకే వచ్చింది.

"తిడుతున్నడు మేడం. అంటే మంచిగనే ఉన్నడు."