దాగ్ని అత్తయ్య దుప్పటి తిట్లు

ఎవరింటికి వెళ్లినా మనుషులకంటే ముందు మంచాన్ని పలకరించే మహానుభావురాలు మా స్వానెకే ఊళ్లో ఒక్కతే. ఆవిడ దాగ్ని అత్తయ్య.

"కాఫీ తాగుతారా అత్తయ్యా?" అంటే, "పడకగది ఎటు?" అంటుంది. దుప్పటి అంచు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకెత్తి చూసి, ఆ ఇంటి పరువెంతో తేల్చేస్తుంది. పెళ్లిళ్లకు దీవెనలిచ్చేది పాస్టరుగారే. ఆ కాపురం నిలుస్తుందో లేదో దుప్పటి చూసి చెప్పేది మాత్రం ఈవిడ.

ఆవిడ ప్రాణమంతా ముడతల నేత దుప్పటి మీదే. డెన్మార్కులో ఆ దుప్పటి లేని ఇల్లుండదు. అయినా మాకెవరికీ దాని గురించి ఏమీ తెలియదని ఆవిడ గట్టి నమ్మకం.

"కొన్ని దారాలు బిగించి, కొన్ని వదులుగా నేస్తారే అమ్మాయ్. వదులువి ఉబ్బుతాయి. అందుకే ఒంటికి అంటుకోదు, గాలాడుతుంది. గోరువెచ్చటి నీళ్లు, చిటికెడు సబ్బు, దులిపి గాలికి ఆరెయ్యడం, అంతే. దానిమీద ఇస్త్రీ పెట్టడమంటే పొంగిన రొట్టె మీద కూర్చోవడమే!"

నా పెళ్లికి ఆవిడిచ్చినవి రెండు: ఒక దుప్పటి, ఒక ఉపన్యాసం. దుప్పటి ఇంకా చిరగలేదు. ఉపన్యాసం ఇంకా అవలేదు.

ఈ ఇస్త్రీ పాపానికి రోజూ బలయ్యేవాడు మా ఎదురింటి థోర్వాల్. ఒకప్పుడు ఓడ కెప్టెను, ఇప్పుడు ఒంటరి ముసలాయన. తెల్లారేసరికి అత్తయ్య ఆయన గుమ్మంలో ఉండేది.

"మళ్లీ ఇస్త్రీ చేశావూ? ఓడ నడిపిన మొహమేనా అది?"

ముడతలు మళ్లీ రావాలంటే ఉతకాల్సిందేనంటూ దుప్పట్లు చుట్టి బుట్టలో కుక్కుకుని, వీధంతా వినబడేలా తిట్టుకుంటూ పోయేది. ఆయన తలదించుకుని నిలబడేవాడు. మేం, మర్యాదస్థులం కదా, కర్టెన్ల చాటునుంచే ఆనందించేవాళ్లం.

"ముసలాయనకి ఇస్త్రీ మీద ఇంత మోజేమిటే?" అనేవారు మా ఆయన.

ఓ శరత్కాలంలో అత్తయ్య తడి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. థోర్వాల్ పక్కిల్లే ఆవిడది. అక్కడ కిటికీ పక్క మంచం మీదనుంచే నాకు ఆజ్ఞ జారీ చేసింది.

"పొద్దున్నే థోర్వాల్ ఇంటికెళ్లి దుప్పట్లు పట్టుకొచ్చి ఉతుకు. ఏమీ అడక్కు."

వెళ్లాను. ఆయన తలుపు సందులోంచి చూసి తెల్లబోయాడు.

"ఇవాళేం లేవమ్మా. ఇస్త్రీ చెయ్యలేదు."

ఆయన వెనక నేలమీద తడి దుప్పటి ఉండచుట్టి ఉంది. వాసన గుమ్మందాకా వచ్చింది. అయినా నా నోరు ఊరుకోదే!

"ఇంతకీ ఆ ఇస్త్రీపెట్టె ఎక్కడండీ?"

"నా ఇంట్లో అదెప్పుడూ లేదమ్మా" అన్నాడాయన నేలచూపులు చూస్తూ. "రాత్రిళ్లు తెలియకుండానే పక్క తడిసిపోతోంది. దాగ్నికి తప్ప ఎవరికీ తెలీదు."

ఎదురుగా మా ఇంట్లోనే కర్టెన్ కదిలింది. దుప్పటి చుట్టి చంకన పెట్టుకుని మెట్ల మీదికొచ్చాను.

"సిగ్గులేదూ కెప్టెన్‌గారూ? మళ్లీ ఇస్త్రీ చేస్తారా?"

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత మీసం కింద నవ్వు దాచుకుంటూ ఛాతీ విరిచాడు.

"నా దుప్పటి, నా ఇష్టం! రేపూ చేస్తా! ఏం చేసుకుంటావో చేసుకో!"

పక్కింటి కిటికీ ధడేల్మని తెరుచుకుంది. లోపల మంచం మీదనుంచి అత్తయ్య కేక:

"తిట్టడం కూడా రాదటే నీకు? ఆ సణుగుడు రేవుదాకా వినబడుతుందా? మళ్లీ తిట్టు!"