పచ్చజెండా ఊపేదాకా

రైల్వే డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి, ఏ అంకె కనిపిస్తోందని అడిగాడు. వేణుమాధవ్‌కు చుక్కలే కనిపించాయి. తండ్రి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫయ్యేళ్లు పనిచేసి, కొడుకు గార్డు కావాలని కోరుకున్నాడు. ఎరుపూ ఆకుపచ్చా కొడుకు కంటికి ఒకే ఎండుటాకు రంగని ఆ రోజే తెలిసింది.

ఏడాది తిరగకుండా అతను గార్డయ్యాడు. పద్మారావు నగర్‌లో సదాశివ అనే ఆయన రైలుపెట్టె ఆకారంలో బర్గర్ల హోటలు కట్టించాడు. లోపల చెక్క బెర్తులు, కిటికీలకు ఊచలు, పైన లాగే గొలుసు. తెల్లకోటు తొడుక్కుని ఈల వేసి జెండా ఊపే మనిషి కావాలన్నాడు. కళ్లు పరీక్షించలేదు. వేణుమాధవ్ చెప్పలేదు.

"కదలని రైలుకు గార్డువైనవ్ కొడకా," అంది తల్లి ఎల్లమ్మ. "యాక్సిడెంటన్న గాదు తియ్."

అక్కడొక నియమం ఉండేది. బర్గరు అట్టపెట్టెలో వచ్చేది. ఎర్రజెండా ఎత్తితే ఆగాలి. పచ్చజెండా ఊపేదాకా ఎవరూ పెట్టె విప్పకూడదు. వేడి ఆలుగడ్డ టిక్కీ వాసన ముక్కుకు తగులుతుంటే, పిల్లలు చేతులు ఒళ్లో పెట్టుకుని అతని వైపే చూసేవాళ్లు. పచ్చజెండా కర్రకు అతను చాకుతో రెండు గాట్లు పెట్టుకున్నాడు. బొటనవేలు గాట్లను తడిమేది. చెయ్యి లేచేది.

ఒక ఆదివారం గాట్ల కర్ర ఎత్తి ఊపాడు. ఒక్క పెట్టె కూడా తెరుచుకోలేదు. మళ్లీ ఊపాడు. ముందురోజు హోటల్లో ఊడ్చి తుడిచే కమలాబాయి జెండాలు ఉతికి, ఆరాక కర్రలకు తారుమారుగా తొడిగిన సంగతి అతనికి తెలియదు. వంటింటి కిటికీలోంచి సదాశివ తల బయటపెట్టి చూశాడు. ఈ కొలువు కూడా పోయిందనుకున్నాడు వేణుమాధవ్.

ఆరేళ్ల దేవిక బెర్తు దిగి వచ్చింది. శ్రీకాకుళం నుంచి బదిలీపై వచ్చి ఆ వీధిలోనే ఉంటున్న బ్యాంకు ఉద్యోగి కూతురు. రెండో జెండా ఉన్న అతని చెయ్యి పట్టుకుని పైకెత్తింది. పెట్టెలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. అదీ ఆటలో భాగమే అనుకున్నారంతా. సదాశివ నవ్వి తల లోపలికి తీసుకున్నాడు.

"అంకుల్, మీకు రంగులు తెలీవా?" అని గుసగుసగా అడిగింది.

"తెల్వదు బిడ్డా. ఎవ్వరికీ చెప్పకు."

చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా గార్డు పక్క బెర్తులోనే కూర్చునేది. జెండా ఎత్తబోతూ అతను ఆమె వైపు చూసేవాడు. ఆమె గడ్డం కొద్దిగా కదిపేది. ఆమె హైస్కూల్లో చేరి అక్కడికి రావడం మానేశాక కూడా, చాలాకాలం అతని చూపు ముందు ఆ బెర్తు మీదికి పోయేది.

రెండువేల ఆరులో ఆ స్థలం అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లకు అమ్ముడైంది. చివరి ఆదివారం గురించి ఫోన్లలో మెసేజీలు తిరిగాయి. ఒకప్పటి పిల్లలు వచ్చారు. సెలవురోజైనా కొందరి మెడల్లో కంపెనీ కార్డులు వేలాడుతున్నాయి. బెర్తుల మధ్య మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నారు. దేవిక తన పాత చోటునే కూర్చుంది.

వేణుమాధవ్ కోటు గుండీలు పట్టలేదు. ఈల వేశాడు. కర్ర తడిమాడు. గాట్లు బాగా అరిగాయి, అయినా వేలికి తగిలాయి. ఎత్తి ఊపాడు.

ఎవరూ పెట్టె విప్పలేదు.

అతని చెయ్యి గాలిలోనే ఆగింది. పదిహేడేళ్లు దాచింది ఈ చివరిరోజున, ఇంతమంది ముందు బయటపడుతుందా? దేవిక వైపు చూశాడు. ఆమె గడ్డం కదిపింది. అయినా నమ్మకం కుదరక కొంచెం వంగాడు.

"ఎర్రదా అమ్మా?"

"పచ్చదే అంకుల్," అంది ఆమె మెల్లగా. "విప్పితే అయిపోతుంది కదా. కాసేపు ఊపుతూ ఉండండి."

బర్గర్లు చల్లారుతున్నాయి. వేణుమాధవ్ ఊపుతూనే ఉన్నాడు.