సోమక్క చెవుల కుండ

కరీమాబాదుల మా గల్లీ మీద ఒక పుకారు లేచి రంగశాయిపేట దాకా పోయింది. మిక్సీలు, ఫ్యాన్లు, మోటర్లు బాగుచేసే వెంకట్రాజం ఒక కుండకు అచ్చం సోమక్క చెవుల వంటి చెవులు పెట్టి బాణామతి చేస్తాండట. ఆ కుండ గల్లీల ఎవలేమన్నా ఇంటదట. ఇన్నది ఇన్నట్టు అప్పజెప్తదట. ఇందుల కుండ నిజం, చెవులు నిజం, ఇన్నది ఇన్నట్టు చెప్పుడు గూడ నిజమే. బాణామతి ఒక్కటే అబద్ధం. వెంకట్రాజానికి మంత్రాలు రావు. వచ్చినా చదవలేడు, ఆయన నోట్లెకెల్లి వచ్చేది ఒక్కటే మాట.

"చుప్!"

ఆ మనిషికున్న పిచ్చంత అదే. వేలు పైకి లేపుతడు, కండ్లు మూస్తడు, "చుప్" అంటడు. మిక్సీ పట్టుకొని దుకాణంకు పోతె "ఏమైంది?" అని ఆయనే అడుగుతడు. చెప్పబోతె "చుప్!" అని మిక్సీకి చెవి ఆనిస్తడు. "నువ్వు సగం దాస్తవు. ఇది దాయది," అంటడు. ఆయన ఇంటిది పద్మలత కుక్కర్ పెడితె, మూడో కూత రాకముందే వంటింట్లకు వచ్చి దానికి వేలు చూపెడుతడు.

"నన్నంటె పడ్డ. పప్పును గూడ అంటవా?" అంటది పద్మలత.

ఒకసారి పెండ్లి బారాత్‌కు ఎదురువోయి వేలు లేపిండు. ఎవలో పెద్దమనిషి పోయిండనుకొని బ్యాండోళ్లు టోపీలు తీసి నిలవడ్డరు. పెండ్లికొడుకు గుర్రం దిగి దండం పెట్టిండు. ఈయన రెండు నిముషాలు కండ్లు మూసి ఇని, "మీ జనరేటర్ల బేరింగ్ పోయింది. మార్చుకోండ్రి," అని చెప్పి మర్లి వచ్చిండు.

ఇగ కుండ సంగతి. ఒకనాడు వెంకట్రాజం గోధుమపిండి ముద్ద పట్టుకొని సోమక్క ఇంటికి వచ్చిండు. ఎదురింట్ల చెంచా కిందపడితె ఇక్కడికెల్లి "ఏం కూరనే?" అని అడిగే మనిషి సోమక్క.

"అక్కా, నీ చెవులు ఒకపారి ఇయ్యి."

"ఇస్తె మళ్ల తెచ్చిస్తవా?"

"అచ్చు తీసుకుంట. ఈ గల్లీల నీ చెవులకు మించిన చెవులు లేవు."

అరవై ఏండ్లల ఆమె చెవులను మెచ్చుకున్నోడు ఆయన ఒక్కడే. అందరు నోటి మీదనే మాట్లాడుతరు. సోమక్క మురిసిపోయి, రెండు చెవులకు పిండి పెట్టిచ్చుకొని అరగంట కూసున్నది. ఆ అరగంటల గల్లీల ఏం జరిగిందో ఆమెకు ఇప్పటికీ తెల్వది, అదొక్కటే ఆమె రంది.

ఆ అచ్చులతోని రబ్బరు చెవులు పోసిండు. మనిషి తలకాయంత మట్టికుండకు అటొకటి ఇటొకటి అతికిచ్చిండు. ఒక్కొక్క చెవిల పప్పుగింజంత మైకు పెట్టి, కుండ ఎనుకకెల్లి వైరు గుంజి ల్యాప్‌టాప్‌కు కలిపిండు. "ఒక్క మైకు పెట్టి రికార్డు చేసుడంటె ఒంటిచెవితోని ఇనుడే. దేవుడు రెండిచ్చింది ఏది ఎటు దిక్కుకెల్లి వస్తాందో తెలువాలెనని," అనేటోడు.

ఆ కుండ ఎవలి కోసమో గల్లీకంత ఎరుకే. మూలింటి జుబేదా కోసం. జుబేదా నలబై ఏండ్లు తన ఇంటి ముందటి గద్దె మీద కూసోని, జంపఖానాలు నేసేటోళ్లకు నూలు కండెలు చుట్టింది. చుట్టుకుంట తనే కట్టుకున్న పాట ఒకటి పాడుకునేది. డిసెంబర్ల స్నానాల గదిల జారిపడితె తుంటి ఇరిగింది. దవాఖానల ఆపరేషన్ మంచిగనే అయింది. నడువాలె, నడిస్తెనే కాళ్లు నిలుస్తయి, ఇట్లనే రెండు మూడు నెలలు పండుకుంటె ఇగ మంచమే అని డాక్టర్ చెప్పిండు. పట్టుకొని నడిచే వాకర్ తెచ్చిచ్చిండ్రు. జుబేదా దాని మీద బురఖా ఆరేసి, ఎనుక అర్రల గోడ దిక్కు తిరిగి పండుకున్నది. మళ్ల పడుతనని భయం. కొడుకు షాహిద్ బతిమిలాడె, కోడలు ఫర్హానా ఏడ్చె, సోమక్క వోయి తిట్టె. లేవదు, ఒక్క మాట మాట్లాడది.

ఆఖరికి షాహిద్ గిటారు పట్టుకొని వెంకట్రాజం దగ్గరికి వచ్చిండు. "చాచా, అమ్మీ పాట నేను వాయిస్త, ఫర్హానా పాడుతది. అమ్మీ నడుమల కూసోని ఇన్నట్టుండాలె. చేసిస్తవా?"

"చుప్," అన్నడు వెంకట్రాజం. అంటె చేసిస్తనని.

రికార్డింగ్ ఏడ పెట్టిండనుకున్నరు? తన ఇంటి ముందట, నడిగల్లీల! పద్మలత "లోపటి అర్రల పరుపులు నిలవెడుత, తలుపు పెట్టుకొని చేసుకోరాదు," అంటె, "గోడలు గూంజుతయి, ఒక్క పాట రెండుపార్లు ఇనవడుతది" అన్నడు. కుండను స్టూలు మీద పెట్టి, దాని ఎడమకు షాహిద్‌ను, కుడికి ఫర్హానాను కూసోబెట్టిండు. నాలుగు ఐతారాలు గల్లీకంత కర్ఫ్యూ. గిటారు తీగె మోగంగనే మేడారం పోయే బస్సు హారన్ కొట్టేది. ఫర్హానా గొంతు ఎత్తంగనే ఎవలో బోరింగు కొట్టేటోళ్లు. "చుప్!" ఎవలి కోడో అరిచేది. "చుప్!" వద్దన్నకొద్ది గల్లీ మోగింది. తిట్టిచ్చుకున్నోళ్లు ఊకుంటరా? ఒక్కొక్కరొచ్చి, "మా ఇంటి ముందట మేం దగ్గద్దా?" అని కుండ పక్కనే నిలవడి పంచాయితీ పెట్టిండ్రు.

నాలుగో ఐతారం సోమక్క వంతు వచ్చింది. ఆమె ఆ పొద్దు మిరపకాయలు ఆరబోస్తాంది. తన వాకిట్ల ఎండ లేక, ఖాళీగున్న జుబేదా గద్దె మీద పోసి, చాటతోని గలగల నెరుపుతాంది.

"చుప్! అక్కా, చాట ఆపు!"

"ఆపితె నీ కుండ వచ్చి ఆరబోస్తదా? బూజు పడితె పచ్చడికి నువ్విస్తవా కాయలు?"

"అది జుబేదాబీ గద్దె."

"ఏడ జుబేదా? ఆమె ఇంక లేస్తదా, ఈడ కూసుంటదా? ఈ గద్దె ఇగ నాదే!"

కోపానికి వచ్చిన మాట. అన్నంక సోమక్క నాలిక కరుచుకున్నది. షాహిద్ తల దించుకొని గిటారు వాయిస్తనే ఉన్నడు.

తెల్లారి ఆమె దుకాణంకు పోతె వెంకట్రాజం ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టిండు. సోమక్క నోరు తెరిచింది, మూసుడు మరిచింది. ఎడమ పక్క గిటారు. తీగె మీద వేలు జారితె వచ్చే బరబర గూడ, ఎవలో చెవి పక్కన పట్టుచీర మడతవెట్టినట్టు ఇనవడుతాంది. కుడి పక్క ఫర్హానా. పాట ఎత్తేముందు ఆమె పీల్చిన గాలి సోమక్క చెంపకు తగిలినట్టే అయి, చెయ్యి పెట్టి తడుముకున్నది. ఎనుక పిచ్చుకలు. మర్లి చూస్తె గోడ. పిచ్చుక లేదు, గల్లీ లేదు. ఉన్న కాడనే ఉండి, ఇంకో కాడ కూసున్నది.

"అన్నా, అరవై ఏండ్ల సంది ఈ చెవులు నాయే గదా! ఇంత ఎన్నడు ఇనిపియ్యలేదేంది?"

"నువ్వెన్నడు చుప్ ఉన్నవు గనుక?"

గంతల్నే ఎనుకకెల్లి చాట గలగల, ఆ మీద తన గొంతే. "ఆమె ఇంక లేస్తదా?" సోమక్క హెడ్‌ఫోన్ గుంజి పారేసింది.

"నీ కాల్మొక్త అన్నా, ఆ ముక్క తీసెయ్యి. ఆమె ఇంటె నేను మొఖం ఎట్ల చూపెట్టాలె?"

వెంకట్రాజం వేలు లేపిండు. ఏం తీసిండో ఏం ఉంచిండో చెప్పలే.

బేస్తారం నాడు పగటిపూట జుబేదాను దిండ్లకు ఆనిచ్చి కూసోబెట్టి, షాహిద్ ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టిండు. సోమక్క దర్వాజ పట్టుకొని నిలవడ్డది. లోపటికి పోయే ధైర్యం లేదు, ఇంటికి పోయే మనసు లేదు.

జుబేదా తల మెల్లగ ఎడమకు తిరిగింది. కొడుకు అటు లేడు, మంచం కాళ్ల కాడ ఉన్నడు. అయినా ఎడమకే చూసి నవ్వింది. కుడికి తిరిగింది. పెదువులు కదిలినయి. చెయ్యి దానంతటదే కండె చుట్టినట్టు తిరుగవట్టింది. ఫర్హానా నోట్లె కొంగు కుక్కుకున్నది. రెండు నెలల తర్వాత ఆ మనిషి మొఖంల గల్లీ కనవడ్డది.

అప్పుడు జుబేదా కనుబొమ్మలు ముడివడ్డయి. గిర్రున ఎనుకకు తిరిగింది.

"ఎవలది? సోమినా?" హెడ్‌ఫోన్ ఉండేసరికి ఎంత గట్టిగ అంటాందో ఆమెకు తెలుస్తలేదు. గల్లీ అంత ఇన్నది. "నా గద్దె మీద మిరపకాయలు పోస్తదా? నేను లేవనంటదా? ఏయ్ షాహిద్, ఆ బండి ఇటు తే!"

బురఖా ఒక దిక్కు, దుప్పటి ఒక దిక్కు. వాకర్ పట్టుకొని లేచింది. కాళ్లు వణికినయి. నోరు ఆగలే. ఒక అడుగు, ఒక తిట్టు. ఒక అడుగు, ఒక తిట్టు. హెడ్‌ఫోన్ తియ్యనియ్యదు, పాట ఒడువలేదట, ఇంకా ఉన్నదట. వైరు తెగుతదని షాహిద్ ల్యాప్‌టాప్ సంకకెత్తుకొని ఎనుకెనుక నడిచిండు. గడప కాడ సోమక్క పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది.

"ఈ కాయలు ఎత్తుతవా, నూకాల్నా?" అన్నది జుబేదా గద్దె కాడికి వోయి.

"ఎత్తుతనే అక్కా, ఎత్తుత," అనుకుంట సోమక్క మిరపకాయలు కొంగుల పోసుకున్నది. జుబేదా గద్దె మీద కూలవడి, రొప్పుకుంట, "పాట మొదటికెల్లి పెట్టు," అన్నది.

గల్లీ అంత సంబురపడుతాంటె పద్మలత సోమక్క చెవుల ఒక మాట వేసింది. గల్లీ చప్పుడు లేని పాట మొదటి ఐతారం పొద్దుగాలనే రికార్డు అయిపోయిందట. పిట్ట గూడ కూయకముందు, ఒక్క ఊపుల. షాహిద్‌కు గూడ తెలుసట. ఆ పాటను ఫోన్ల దాచుకున్నడట.

సోమక్క కొంగుల మిరపకాయలతోనే పోయి వెంకట్రాజం ఎదుట నిలవడ్డది.

"అన్నా, నిజం చెప్పు. పాట మొదటి దినమే అయితె, నాలుగు ఐతారాలు మమ్ముల చుప్ చుప్ అని ఎందుకు సతాయించినవు? నీకు మా చప్పుడే కావాలెనంటె, చప్పుడు చెయ్యుండ్రని అడిగితె చెయ్యకపోదుమా?"

వెంకట్రాజం వేలు లేపబోయి, దించిండు.

"అక్కా, మైకు పెట్టి మాట్లాడుమంటె నువ్వు మంత్రి లెక్క మాట్లాడుతవు. చుప్ అంటెనే సోమక్క లెక్క మాట్లాడుతవు."