నేలలో బిగించిన ఉయ్యాల బల్ల

ఆస్తి పంపకాల్లో మా మేనత్త ఉయ్యాలను పెద్దమనుషులు రెండుగా పంచారు. టేకు బల్ల నాకు, ఇత్తడి గొలుసులు మా తమ్ముడికి. ఇద్దరికీ సమానమన్నారు. అప్పటికి ఆవిడ బతికే ఉంది, గుమ్మం పక్కన నిలబడి చూస్తూనే ఉంది. అది అన్యాయమని ఆ రోజే అన్నాను. ఇప్పటికీ అంటున్నాను.

దయ్యాల కబుర్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. బడిలో చదివింది తక్కువే గాని, మోటారు విప్పి బిగించడం, కరెంటు వైరింగు, ఇంగ్లీషు చదవడం అన్నీ సొంతంగా నేర్చుకున్నాను. చప్పుడు వచ్చిందంటే కారణం ఉంటుంది, దొరికేదాకా వెతకాలి అనేవాణ్ణి. ఈ బల్ల విషయంలోనూ అలాగే వెతికాను.

అమ్మ మా చిన్నతనంలోనే పోతే మమ్మల్నిద్దర్నీ అత్తయ్యే పెంచింది. ఆ ఇంట్లో తనదని చెప్పుకోడానికి ఆవిడకున్నది ఆ ఉయ్యాల ఒక్కటే. భోజనాలయ్యాక దానిమీద కూర్చుని, కాలి బొటనవేలితో నేలను తాకుతూ ఊగేది. గొలుసులు కిర్రుమనేవి, ఆగేవి, మళ్ళీ కిర్రుమనేవి. ఆ చప్పుడుకే మాకు నిద్ర పట్టేది.

పంపకాలయ్యాక ఆవిడని కూడా వంతులేశారు. కొన్నాళ్ళు కడియంలో నా దగ్గర, కొన్నాళ్ళు రామచంద్రపురంలో తమ్ముడి దగ్గర. ఇక్కడ బల్ల ఉంది, గొలుసులు లేవు. అక్కడ గొలుసులున్నాయి, బల్ల లేదు. గొలుసులివ్వరా అన్నాను. నువ్వే బల్ల పంపించు అన్నాడు. పెద్దవాణ్ణి నేను. ఇవ్వాల్సింది వాడు కాదూ? అత్తయ్య మళ్ళీ ఉయ్యాల ఎక్కకుండానే పోయింది. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు.

ఈమధ్య మా ఆవిడ సుబ్బలక్ష్మికి మడమల నొప్పి ముదిరింది. చల్లటి టైల్స్ మీద నడవద్దన్నాడు డాక్టరు. ముందు గదిలో చెక్క నేల నేనే వేస్తానన్నాను.

“ఈ వయసులో మీకెందుకండీ? నడుం పట్టేసిందంటే ఇద్దరం మంచమెక్కుతాం” అంది.

ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. కింద సన్నటి చెక్క బద్దలు పరిచి, వాటిమీద పలకలు బిగించుకుంటూ వచ్చాను. వానలకి చెక్క ఉబ్బుతుంది కాబట్టి గోడ వారన సందు వదిలాను. చివరికి కిటికీ కింద కొంత జాగాకి పలకలు చాలలేదు. సామాన్ల గదిలో తలుపు వెనక నిలబెట్టిన ఉయ్యాల బల్ల గుర్తొచ్చింది. కొలిస్తే కొయ్యకుండానే సరిపోయింది. మూలల్లో గొలుసులు తగిలించే బెజ్జాలు పూడ్చి బిగించేశాను.

మర్నాడు మధ్యాహ్నం సుబ్బలక్ష్మి దానిమీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

“ఏవండీ, ఇది కదులుతోందండీ” అంది.

నాకు ఒళ్ళు మండింది. “నా పనికి వంకలు పెట్టకు.”

“వంక కాదండీ బాబూ. హాయిగా ఉంది. నిద్రొస్తోంది.”

మరలన్నీ బిగించి చూశాను. బల్ల ఊడదీసి మళ్ళీ వేశాను. కింద ఎలకల్లేవు, తడి లేదు. నేల మట్టంగా ఉందో లేదో చూసే రసమట్టం తెచ్చి బల్లమీద పెట్టాను. గాజుగొట్టంలో బుడగ నెమ్మదిగా ఈ చివరికొచ్చింది, ఆగింది, ఆ చివరికెళ్ళింది. పక్క పలక మీద పెడితే కదలకుండా నిలబడింది. పట్టపగలు ఇద్దరం చూశాం. బుడగ చివరికి చేరినప్పుడల్లా గొలుసుల కిర్రు వినపడింది. మా ఇంట్లో గొలుసుల్లేవు. ఇరుగుపొరుగున ఎవరికీ ఉయ్యాల లేదు.

సుబ్బలక్ష్మి భయపడలేదు. “అత్తయ్యగారు కూర్చున్నారేమో. కాస్త పక్కకి జరగండి” అంది. వేళాకోళమేమోనని మొహం చూశాను. కాదు. నేను జరిగాను.

అప్పట్నుంచీ భోజనాలయ్యాక రోజూ అంతే. నేర్చుకున్న విద్యలన్నీ పెట్టి వెతికాను. కారణం దొరకలేదు, ఇప్పటికీ నాకు తెలియదు. ఇంక అడగాల్సిన మనిషి ఒక్కడే మిగిలాడు. అన్నేళ్ళ తర్వాత తమ్ముడికి ఫోన్ చేశాను. పలకరింపు కూడా లేకుండా, “అత్తయ్య గొలుసులు ఉన్నాయా, అమ్మేశావా?” అన్నాను. బల్ల సంగతి చెప్పలేదు. వాడు ఫోన్ పెట్టేశాడు. కొన్నాళ్ళకి వాడే చేశాడు. గొంతు మారిపోయింది, ముసలివాడయ్యాడు. వాడిచ్చిన జవాబు ఇది:

“అమ్మలేదు అన్నయ్యా. అటక మీద గోనెసంచిలో కట్టి పెట్టాను. ఈమధ్య మధ్యాహ్నంపూట అటక మీద చప్పుడవుతోంది. మీ మరదలు పిల్లి అంది. నువ్వడిగాక దింపి చూశాను. మూట ముడి వేసింది వేసినట్టే ఉంది. గొలుసులకి చిలుం పట్టేసింది. కొక్కేల దగ్గర మాత్రం రోజూ వాడినట్టు అరిగి మెరుస్తున్నాయి. నువ్వా బల్ల తీసి ఉంచు. నేను గొలుసులు పట్టుకుని బయల్దేరుతున్నాను.”